తెర వెలుగకముందటి తాళము

తూర్పుకనుమల పాదమున, వేగావతీ తీరమున నెలకొనిన సాలూరు పేరు చెప్పగనే ఉత్తరాంధ్ర ప్రజలకు మొదట స్మరణకు వచ్చునవి లారీలు. విజయనగరము వైపునుండి వచ్చి, ఈ పట్టణమును దాటి, సుంకి ఘాటు నెక్కి కోరాపుట్ చేరు 26వ నంబరు జాతీయరహదారియే (పూర్వము 43వ నంబరుతో వ్యవహరింపబడి రాయపూర్ వరకును సాగినది) ఈ యూరి వృత్తిని నిర్ణయించినది. లారీలను కొని త్రిప్పువారును, వానికి బాడీలు కట్టువారును, టైర్లకు పంక్చర్లు వేయువారును, డ్రైవర్లును, క్లీనర్లును, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులలో బిల్టీలు (సరుకు రసీదులు) వ్రాయు గుమాస్తాలును, ఇందరి కుటుంబపోషణము ఆ దారిమీదనే ఆధారపడి యున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన సాలూరు విజయనగరము జిల్లానుండి క్రొత్తగా ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలోనికి వచ్చినది గాని దాని వృత్తి మారలేదు. మారినదల్లా ఆ వృత్తికి సంబంధించిన కాగితములు నివసించు చోటు.

పూర్వము లారీ బయలుదేరునప్పుడు డ్రైవరు సీటు వెనుక ఒక రేకుపెట్టెలోనో సంచిలోనో ఆర్.సి., ఇన్సూరెన్సు, పర్మిట్టు, బిల్టీలు ఉండెడివి. దారిఖర్చు రొక్కముగా జేబులో ఉండెడిది. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రము దాటు సరుకునకు ఈ-వే బిల్లు కావలసివచ్చినది. 2021 ఫిబ్రవరి నడుమనుండి టోల్‌గేటులలో ఫాస్టాగ్ తప్పనిసరి యైనది. 2016లో మొదలైన యూపీఐ పుణ్యమా యని, ఓనరు సాలూరులో కూర్చుండి పంపిన సొమ్ముతో డ్రైవరు జగదల్‌పూర్ బంకులో కోడు స్కాను చేసి డీజిలు పోయించుకొనుచున్నాడు. లైసెన్సు డిజిలాకర్‌లో నున్నది. సరుకు చేరినట్లు సంతకము పడిన బిల్టీ ఫోటో వాట్సాప్‌లో వచ్చుదనుక కిరాయి బాకీ చేతి కందదు. ఫోను పోగొట్టుకొన్న డ్రైవరు, “ఫోను పోతే పోనాది బావూ, మరోటి కొనీగలం, బిల్టీ ఫొటోలన్నీ దాన్లోనే ఉండిపోనాయి, ఏటి సేత్తాం?” అని వాపోయినచో అందు అతిశయోక్తి లేశమైనను లేదు.

ఇట్టి వస్తువునకు తాళము వేసితివా అని యడిగినయెడల, ప్రతివాడును తెరమీద గీయు గీతనో, నాలుగంకెల పిన్నునో, వ్రేలిముద్రనో చూపును. అది తాళమే, కాని అది రెండవ తాళము. మొదటి తాళము, మీట నొక్కిన తరువాతి కొన్ని క్షణములలో, తయారీదారు పేరు కనుపించి మాయమగునంతలో, తన పని తాను చేసికొని తప్పుకొనును. దానిని గూర్చియే ఈ అధ్యాయము. ఏలయనగా ఆ మొదటి తాళము సడలినపిమ్మట, తెరపై పిన్ను నడుగుచున్నది నిజముగా మన ఫోనేనా, మరియొకరు మలచిన దాని ప్రతిరూపమా అని తెలిసికొను ఉపాయము సామాన్యునకు మిగులదు.

ఫోను ప్రధానచిప్పులో, తయారీనాడే పొందుపరుపబడి తరువాత ఎవరును మార్చజాలని ఒక చిన్న ప్రోగ్రాము కలదు. మీట నొక్కగనే మొదట మేల్కొనునది అదియే. అది తన తరువాతి ప్రోగ్రామును, అనగా బూట్‌లోడర్‌ను లేపుటకు ముందు, దానిపై తయారీదారుని డిజిటల్ సంతకము సరిగా నున్నదా అని పరీక్షించును. సరియైనదని తేలిన పిదపనే దానికి అధికారము నప్పగించును. బూట్‌లోడర్ అదే రీతిని ఆండ్రాయిడ్ మూలభాగమును పరీక్షించును. ఆ మూలభాగము మిగిలిన వ్యవస్థను ఖండఖండములుగా చదువునప్పుడెల్ల, ముందుగా లెక్కకట్టి యుంచిన గుర్తులతో సరిపోల్చుకొనుచు పోవును. ఈ పరంపరకు వెరిఫైడ్ బూట్ అని పేరు. దీని బీజము 2013 నాటి ఆండ్రాయిడ్ 4.4 కూర్పులోనే కనబడినను, పరీక్షకు నిలువని వ్యవస్థను నడుపుటకు నిరాకరించు కాఠిన్యము 2016 నాటి 7వ కూర్పుతో వచ్చినది. మరుసటి యేట 8వ కూర్పుతో, లోపములు లోకమునకు తెలిసిపోయిన పాత కూర్పును దొడ్డిదారిని తిరిగి ఎక్కించుటను నిరోధించు ఏర్పాటును దానికి తోడైనది.

సీలువేసిన కంటైనరును దూరదేశమునకు చేర్చు డ్రైవరుకు ఈ విషయము సులభముగా బోధపడును. ఓనరే, సదుద్దేశముతోనే, దారిలో సీలు త్రెంచి లోపల చూచి మరల తలుపు మూసెననుకొందము. ఒక్క పెట్టెయు పోలేదు. అయినను గమ్యమున సరుకు దింపించుకొనువాడు ఆ మాటను నమ్ముట కాధార మేమున్నది? సీలు త్రెంచుటకు ఒక కట్టరు చాలును. దాని విలువ బలములో లేదు, మధ్యమార్గమున ఎవరును తలుపు తీయలేదని అది చెప్పు సాక్ష్యములో నున్నది. బూట్‌లోడర్ తాళము, అనగా మనము చెప్పుకొన్న మొదటి తాళము, కావలికాయుటతో పాటు ఇట్టి సాక్ష్యమును కూడ చెప్పుచున్నది. దానిని అన్‌లాక్ చేసినంతమాత్రమున లోనికి చెడు ప్రవేశించినదని చెప్పుటకు వీలులేదు. ప్రవేశింపలేదని చెప్పుటకును వీలులేదు.

అయినను ఆ తాళమును తీయువారు కలరు, వారందరును అవివేకులు కారు. ఫోను దేహము దృఢముగా నుండగనే తయారీదారుడు క్రొత్తకూర్పులను పంపుట మానివేయును. అప్పుడు లీనియేజ్ ఓఎస్ వంటి స్వేచ్ఛావ్యవస్థను (2016 చివర సైనోజెన్‌మాడ్ నిలిచిపోయినపిమ్మట దాని వారసత్వముగా పుట్టినది) ఎక్కించుకొని మరికొన్నియేండ్లు సురక్షితముగా వాడుకొనవచ్చునను వాదము నిరాధారమైనది కాదు. కంపెనీవారు అడుగకుండ చొప్పించిన యాప్‌లను తొలగింపగోరువాడు తన యింటి చెత్తను తాను ఊడ్చుకొనుచున్నాడనియే చెప్పవలయును. సాఫ్ట్‌వేరు వాడువాని స్వాతంత్ర్యమును గూర్చి మన తెలుగుసీమలో ‘స్వేచ్ఛ’ సంస్థవారు ఎంతోకాలముగా ప్రచారము చేయుచున్నారు. వారి పక్షమున న్యాయము కలదు. అందునను, కంపెనీనుండి వట్టి చాసిస్‌గా వచ్చిన బండికి కళ్ళయెదుటనే బాడీ కట్టి, రంగులు దిద్ది, రోడ్డెక్కించు ఊరిలో పెరిగిన కుర్రవానికి, కంపెనీ యిచ్చినదానిని విప్పరాదను మాట చెవికెక్కదు. ఎక్కకపోవుటయే మేలని నా యభిప్రాయము. నా అభ్యంతర మొక్కటియే: యూపీఐ, ఆధార్‌కు ముడిపడిన సిమ్ము, ఈ-వే బిల్లులు ఉన్న ఫోనుపై ఈ ప్రయోగము చేయరాదు. ప్రయోగమునకు పాతఫోను వేరుగా నుండవలయును. సిమ్ము లేకుండ, బ్యాంకు యాప్ లేకుండ, దానిని ఎంత విప్పినను నష్టములేదు.

అన్‌లాక్ చేయు విధానమునందే దాని గాంభీర్యము తెలియుచున్నది. సెట్టింగులలో బిల్డ్ నంబరును ఏడుసారులు తట్టినగాని డెవలపర్ విభాగము కనబడదు. అందు ఓఈఎం అన్‌లాకింగ్ అను మీటను తిప్పి, కంప్యూటరునకు తీగ తగిలించి, ఆజ్ఞ నిచ్చి, తెరపై వచ్చిన హెచ్చరికను చదివి మరల సమ్మతి తెలుపవలయును. షావోమీవారు పెక్కు ఫోనులకు 168 గంటల నిరీక్షణను విధించిరి. ఏడుదినములలో ఉద్రేకము చల్లారునని కాబోలు! సమ్మతి తెలిపిన మరుక్షణమున ఫోనులోని ఫోటోలు, సందేశములు, యాప్‌లు సమస్తమును చెరిగిపోవును. ఇది చాలమందికి క్రౌర్యముగా తోచును గాని, వాస్తవమున ఇది యజమానికి చేయబడిన ఉపకారము. అట్లు చెరుగకున్నచో, ఫోను దొంగిలించినవాడు అన్‌లాక్ చేసి, తనకు నచ్చిన వ్యవస్థ నెక్కించి, లోపలి సమాచారమును చేజిక్కించుకొనుటకు యత్నింపగలడు.

అసలు అపాయము ఆ తరువాత మొదలగును. ఒకసారి చెరిపి, మరల నింపుకొని, నిశ్చింతగా వాడుకొనుచుండగా, తాళము మాత్రము తెరిచియే యుండును. ఇకమీదట ఎవరైన లోపలి మూలభాగమును మార్చినను మరల చెరుపుట జరుగదు. ధాబాలో చార్జింగు పెట్టి నిద్రించిన వేళనో, రిపేరు దుకాణమున ఒక గంట వదలిన వేళనో, తెలిసినవాడు ఆ భాగమును మార్చి మరల యథాస్థానమున ఉంచగలడు. మన ఫోటోలు గూఢలిపిలోనే యున్నవి, పిన్ను లేనిదే అవి తెరువబడవు గదా అందురు. ఆ మాట నిజమే. 2019 నాటి 10వ కూర్పుతో బయలుదేరిన ఫోనులన్నిటికిని ఫైళ్ళను గూఢలిపిలో నుంచుట తప్పనిసరి చేయబడినది. కాని ఉదయము లేచి మనమే పిన్ను నొక్కుదుము గదా! మార్చబడిన వ్యవస్థ ఆ పిన్నును చూచును, గుర్తుంచుకొనును. దొంగతనము జరిగినట్లు సైతము తెలియని దొంగతనము ఇది. ఇట్టి పని చేయుటకు నైపుణ్యము కావలయును, సామాన్య డ్రైవరుపై ఇంత ప్రయాస ఎవరు పడుదురు అని యడుగవచ్చును. పది లారీల లావాదేవీలు నడుపు ఓనరు ఫోనుపై పడరా అని నా ఎదురుప్రశ్న.

బ్యాంకులవారి దృష్టియు ఈ సాక్ష్యముపైననే యున్నది. పెక్కు చెల్లింపు యాప్‌లు తెరచుకొనుటకు ముందు, ఈ ఫోను తయారీదారు పంపిన స్థితిలోనే యున్నదా అని గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ ద్వారా విచారించును. బూట్‌లోడర్ తెరువబడినదని తెలిసినచో కొన్ని పనిచేయనే చేయవు. నిన్నటివరకు నడిచినది గదా యని వాదించి ప్రయోజనము లేదు. తనిఖీ నియమములు వారి చేతిలో నున్నవి, టోల్‌గేటు ముందర ఫాస్టాగ్ నింపవలసిన వేళనే నియమము మారవచ్చును. సామ్‌సంగ్ ఫోనులలోనైతే, అనుమతిలేని వ్యవస్థ నెక్కించినంతనే నాక్స్ అను రక్షణకు చెందిన సూక్ష్మమైన ఫ్యూజు శాశ్వతముగా కాలిపోవును. పిమ్మట పాత వ్యవస్థను తిరిగి యెక్కించినను సెక్యూర్ ఫోల్డర్ పనిచేయదు. సినిమా యాప్‌లలో బొమ్మ స్పష్టత తగ్గుట వంటి చిన్న నష్టములును కలవు గాని వానిని గూర్చి నేను చింతింపను.

అన్‌లాక్ చేయుటయు, రూట్ చేయుటయు ఒకటే యని పలువురు తలంచుచున్నారు. మొదటిది తలుపు తీయుట మాత్రమే. రెండవది ఒక యాప్‌నకు సర్వాధికారము నిచ్చుట. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌నకును వేరు గది కలదు. ఆటల యాప్ బ్యాంకు యాప్ గదిలోనికి తొంగిచూడజాలదు. రూట్ అధికారము పొందిన యాప్‌నకు ఆ గోడలు లేవు. ఇక మూడవ ప్రమాదము విచిత్రమైనది: పశ్చాత్తాపము వలన కలుగునది. క్రొత్త వ్యవస్థ లోపల ఉండగనే, అయ్యో యని బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేసినవాని ఫోను, తనకు తెలియని సంతకమును చూచి, నడుచుటకు నిరాకరించి మూలబడవచ్చును. కనుక తయారీదారుని అసలు వ్యవస్థను, అదే మోడలుకు చెందినదానిని, సంపూర్ణముగా తిరిగి యెక్కించి, అది నడుచుచున్నదని చూచుకొనినపిమ్మటనే లాక్ చేయవలయును. సొంత సంతకముతో తిరిగి లాక్ చేసికొను వెసులుబాటు గూగుల్ పిక్సెల్ ఫోనులలో కలదు. గ్రాఫీన్ ఓఎస్ దాని నాధారము చేసికొనియే నడుచుచున్నది.

ఇంత చెప్పిన తరువాత ఒక న్యాయమును పాటింపవలయును. లారీలవారి సొమ్ము పోవుచున్నది బూట్‌లోడర్ దారిని కాదు. సర్వసాధారణముగా, వారు తమ చేతులతో తామే ఎక్కించుకొన్న నకిలీ యాప్ దారిని. బండి నంబరుతో సహా వాట్సాప్‌లో సందేశము వచ్చును: మీ వాహనముపై చలాను పడినది, వివరములకు ఈ ఫైలును తెరువుడు. ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని యుండును. రవాణాశాఖ ముద్ర, పరివాహన్ పేరు, అన్నియు ఉండును. తెరచినంతనే సందేశములు చదువుటకు అనుమతి నడుగును. ఇచ్చితిమా, బ్యాంకు పంపు ఓటీపీలు మనకన్న ముందు మోసగానికి చేరును. నెలకు నాలుగు చలానులు చూచు లారీ ఓనరుకు ఇట్టి సందేశము సహజముగా కనబడుటయే ఈ మోసము యొక్క బలము. చలాను నిజమా కాదా యని తెలిసికొనుటకు ప్రభుత్వపు ఈ-చలాన్ పరివాహన్ వెబ్‌సైటును తానుగా తెరచి బండి నంబరు వేసి చూచుకొనవలయును. వాట్సాప్‌లో వచ్చిన ఏ యాప్ ఫైలును, అది బావమరిది పంపినదైనను, ఎక్కించుకొనరాదు. బావమరిది ఫోను అప్పటికే మోసగాని చేతిలో నుండవచ్చును. తాళము తెరిచి రూట్ చేసిన ఫోనులో ఇట్టి యాప్ ప్రవేశించినచో, ఏమారి ఆ యధికారమునకు ఒక్కసారి అంగీకారము తెలిపినను, దానిని పెకలించుట సామాన్యసాధ్యము కాదు.

మన సమాచారమంతయు మన ఫోనులోనే యున్నదనుకొనుటయు భ్రమయే. 2024లో తెలంగాణ పోలీసువారి హాక్ ఐ యాప్ సమాచారము బయటికి పొక్కి, ఆ జూన్‌లో ఒక యువకుడు అరెస్టయినాడు. అచ్చట ప్రజల ఫోనుల తప్పేమియు లేదు. కాని ఆఫీసుల తాళములను మనము వేయజాలము.

సెకండ్‌హాండు ఫోను కొనువారు ఈ మొదటి తాళమును కొనునప్పుడే చూడవలయును. దుకాణమువాడు చూపు కెమెరాను పిదప చూడవచ్చును. ముందు ఫోనును పూర్తిగా ఆపి, మరల వెలిగించి, మొదటి తెరను రెప్పవేయక చూడుడు. బూట్‌లోడర్ తెరువబడినదనియు, వ్యవస్థను నమ్మజాలమనియు హెచ్చరిక కనబడినచో, ధర ఎంత తక్కువయైనను చెల్లింపులకు ఆ ఫోను పనికిరాదు. ప్లే స్టోర్ సెట్టింగులలో ‘డివైస్ సర్టిఫైడ్’ అని యున్నదా చూడవలయును. స్టారు హాష్ సున్న ఆరు హాష్ అని డయలు చేయగా వచ్చు ఐఎంఈఐ సంఖ్యను కేవైఎం అను అక్షరముల తరువాత వ్రాసి 14422కు సందేశము పంపినచో ఆ ఫోను వివరములు తెలియును. దొంగఫోనుగా నిలుపుదల చేయబడినదేమో తెలిసికొనుటకు ఇది సులభోపాయము.

పిన్ను మరచి దుకాణమునకు పోవువారి సంగతి వేరు. 2015 నాటి 5.1 కూర్పునుండి, ఫోనును అక్రమముగా చెరిపినను పూర్వపు గూగుల్ ఖాతా అడుగు ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో కలదు. దొంగను అడ్డుకొనుటకు పెట్టిన ఆ గడియ మరపుగల యజమానిని కూడ అడ్డుకొనుచున్నది. అప్పుడు దుకాణమున, “తాళమే ఇప్పించేద్దాం బాబూ, ఐదు నిమిషాల పని” అనువాడు తప్పక ఎదురగును. ఖాతా పాస్‌వర్డును ఇంటివద్ద నోటుపుస్తకములో వ్రాసి బీరువాలో నుంచిన గృహస్థునకు ఈ ఐదు నిమిషములతో పనిలేదు. పాస్‌వర్డులను కాగితముపై వ్రాయరాదను సిద్ధాంతమును నేనెరుగుదును. సాలూరులోని బీరువాకన్న దుకాణములోని కంప్యూటరే నాకు భయము. ఓఈఎం అన్‌లాకింగ్ మీటయు, యూఎస్‌బీ డీబగ్గింగ్ మీటయు ఆగియున్నవో లేదో ఒకసారి చూచుకొనవలయును. ఎప్పుడో ఏ మేనల్లుడో ఆటకై తిప్పి వదలిన మీటలు అవి.

సొమ్ము పోయినదని తెలిసిన గడియలోనే 1930కి ఫోను చేయవలయును, పిమ్మట జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవలయును. సొమ్ము ఖాతానుండి ఖాతాకు పరుగెత్తుచుండగనే దానిని ఆపు అవకాశము కలదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశము ప్రకారము, తప్పు బ్యాంకుదియు కాక మనదియు కాక వ్యవస్థలో మరియొకచోటి లోపము వలన నష్టము కలిగి, మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలిపినచో మనపై భారము పడదు. ఓటీపీ మనమే చెప్పియుంటిమా, తెలుపునంతవరకు పోయినదంతయు మనదే. తెలిపిన తరువాత పోవునది బ్యాంకుది. ఫోనే పోయినచో పోలీసు ఫిర్యాదు చేసి, 2023 మే నుండి నడుచుచున్న సంచార్ సాథీ పోర్టలులో ఐఎంఈఐని నిలుపుదల చేయింపవలయును. సిమ్మును కూడ ఆపింపవలయును.

పాతఫోనును అమ్ముటకు ముందు గూగుల్ ఖాతాను తొలగించి, సెట్టింగుల ద్వారా పూర్తిగా చెరుపవలయును. ఇందు అందరును మరచునది మెమరీ కార్డు. ఫోను లోపలి సమాచారము గూఢలిపిలో నుండగా, కెమెరా ఫోటోలకని వేసిన కార్డు సాధారణముగా ఏ గూఢలిపియు లేక, ఏ ఫోనులో దూర్చినను చదువబడును, ఆర్.సి.లు, ఆధార్ కార్డులు, ఆడపిల్లల పెండ్లి ఫోటోలు అన్నియు అందే యుండును. దీర్ఘప్రయాణమునకు పాటలు ఎక్కించుటకని ఆ కార్డును దుకాణమున విడిచిపోవు అలవాటు ఇంకను ఉన్నవారు పాటలకు వేరొక కార్డును కొనుక్కొనవలయును.